సేన్యా బతికున్న పుస్తకం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక రష్యా నవల ఆవకాయ జాడీ మీద ఉండేది. మూత లేవకుండా, ఎలకలు మూతి పెట్టకుండా అంతకన్నా గట్టి బరువు మా నాయనమ్మకు ఇంకోటి దొరకలేదు. ఆరువందల పైచిలుకు పేజీలు, నీలం గుడ్డ అట్ట, దాని మీద మంచులో జారే స్లెడ్జి బండి లాగుతున్న గుర్రం బొమ్మ. మా తాతయ్య సరుకు కోసం విజయనగరం వెళ్ళినప్పుడు ఎక్కడో పుస్తకాల బండి దగ్గర చూసి, ఇంత లావు పుస్తకం ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నారా అని ఆశ్చర్యపోయి కొన్నాడట. రష్యావాళ్ళ కథే అయినా పుస్తకం తెలుగులోనే ఉంది. ఇంటికొచ్చాక కొట్టు పనిలో పడి దాన్ని మర్చిపోయాడు. పుస్తకం జాడీ ఎక్కింది. నూనె మరక పడి, గుర్రం సగం పసుపుపచ్చగా మారింది.

మావాళ్ళు ముత్తాత నాడు బొబ్బిలి వైపు నుంచి రాయగడ వచ్చి, బస్టాండు ఎదురుగా కిరాణా కొట్టు పెట్టుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బడిలో ఒడియా చదువుతాం. కొట్లో ఆ రెండూ సరిపోక, కొండల నుంచి వచ్చేవాళ్ళతో వాళ్ళ భాష దేశియా కలిపేస్తాం. మా నాన్నదీ ఒడియా చదువే, నాదీ అదే. ఇంటి మొత్తానికి తెలుగు చదవగలిగింది తాతయ్య ఒక్కడు. బొబ్బిలి నుంచి చుట్టాల ఉత్తరం వస్తే అందరం ఆయన చుట్టూ చేరేవాళ్ళం. చదవడం అయ్యాక ఆయన దాన్ని మడత పెడుతూ, "నా తరవాత ఈటిని ఎవలు సదువుతారో!" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. ఆయన కూడా నవ్వేవాడు గాని, మాకన్నా ముందే ఆపేసేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను పుట్టుకతోనే తొందరమనిషిని. అరిసె చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేదాన్ని. జడ సగం అల్లగానే లేచి పరిగెత్తేదాన్ని. మా నాయనమ్మ నాకు 'బేగిబేగి' అని పేరు పెట్టింది. అప్పుడు నాకు పదేళ్ళు.

ఆ ఏడు దసరా వేళకి ఆవకాయ అయిపోయింది. జాడీ కడిగి బోర్లించేశారు, పుస్తకానికి పని లేకుండా పోయింది. తాతయ్య దాన్ని తుడిచి, గల్లా పక్కన తన మెత్త మీద కూర్చుని, కథ చదువుతాను రమ్మని నన్ను పిలిచాడు. నేను బడి నుంచి వచ్చే వేళకీ సాయంత్రం బేరాలు మొదలయ్యే వేళకీ మధ్య కొట్లో ఈగలు తప్ప ఎవరూ ఉండరు. ఆ గంటసేపు ఆయన చదివేవాడు. నేను ఆయన వీపుకి నా వీపు ఆనించుకుని బెల్లం ముక్క చప్పరిస్తూ వినేదాన్ని. నాయనమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ, తనకేమీ పట్టనట్టే అంతా వినేది.

నది ఒడ్డున ఒక పిండిమర. ఆ మర పక్క ఇంట్లో ఒక అక్క, ఒక తమ్ముడు. అక్క పేరు గలీనా తిమొఫెయెవ్నా, తమ్ముడి పేరు అర్సేనీ తిమొఫెయెవిచ్. పాడైన గడియారాలు బాగుచేస్తాడు, ఊరందరినీ నవ్విస్తాడు, పక్కవాళ్ళ తోటలో ఆపిల్ పళ్ళు కొట్టుకొస్తాడు. మొదటి రోజే నాకు ఆ అబ్బాయి మీద ప్రాణం. అయితే పేర్లతో తల తిరిగిపోయింది. ఒక పేజీలో అర్సేనీ, ఇంకో పేజీలో సేన్యా, మరో చోట ఇంటిపేరుతో కురగానొవ్. వీళ్ళంతా ఎవరని మూడో రోజుకే విసుక్కున్నాను.

తాతయ్య పుస్తకం పక్కన పెట్టాడు. "మన కొట్టుకొచ్చే చింతపండు బుడికి ఎన్ని పేర్లే?" అని అడిగాడు. బుడి అంటే ముసలమ్మ. కొల్నార దగ్గర ఏదో ఊరి నుంచి గంపతో చింతపండు తెచ్చేది. రేషను కార్డులో ఆవిడది ఒక పేరు. సంతలో అందరూ ఊరి పేరుతో పిలుస్తారు. మేమేమో చింతపండు బుడి అంటాం. "ఆవిడ ముగ్గురు మనుసులేటి? కాదు కదా. నువ్వు బళ్ళో ఒకలివి, ఇంట్లో ఒకలివి, మీ నాయనమ్మకి బేగిబేగివి. సేన్యా కూడా అంతే. నాలుగు దినాలు మన కొట్టుకొచ్చేడనుకో, నీకే అలవాటవుతాడు." సరిగ్గా నాలుగో రోజుకి అలవాటయ్యాడు. ఈనాటికీ ఎవరైనా రష్యా నవలల్లో పేర్లు గుర్తుండవని నాతో అంటే చింతపండు బుడి సంగతే చెబుతాను.

తాతయ్యకు ఒక పాడు అలవాటు ఉండేది. సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆపేసేవాడు. మంచులో గుర్రం జారింది, బండి పక్కకి ఒరిగింది, గలీనా చెయ్యి సేన్యా చేతిలోంచి జారింది. అంతే, పుస్తకం టప్పున మూసేవాడు. "మిగతాది రేపు." నేను కాళ్ళు తపతపా కొట్టుకుని ఏడ్చేదాన్ని. ఆయన పాత బస్సు టిక్కెట్టు ఒకటి పేజీల మధ్య గుర్తుగా పెట్టి, పుస్తకం నా ముందుకే తోసేవాడు. "కావాలంటే నువ్వే సదువుకో. ఎవలొద్దన్నారు?"

ఆ మాట ఉందే, అది నా ఒంటికి కారం రాసినట్టుండేది. నాకు తెలుగు అక్షరం ముక్క రాదని ఆయనకు తెలుసు. రాకపోతే నేర్చుకోవాలని నాకు తోచడానికి పది రోజులు పట్టింది. తోచాక మాత్రం తొందరమనిషిని కదా, ఆ సాయంత్రమే మొదలుపెట్టాను.

మా కొట్టు ఎదురుగానే ఆంధ్రా బస్సులు ఆగేవి. ఆ బోర్డుల మీద పైన తెలుగులో, కింద ఒడియాలో ఊరి పేరు రాసి ఉండేది. కింద రాసింది నేను చదవగలను. పైన ఉన్నదీ అదే ఊరు. అంటే పైన అక్షరాలేవో నాకు తెలిసిపోయినట్టే! పార్వతీపురం బోర్డు నాకు పా ఇచ్చింది, పు ఇచ్చింది, ఆ రెండింటికీ ఒళ్ళు ఒకటేనని చెప్పింది. సాలూరు నుంచి సా, లూ దొరికాయి. బొబ్బిలి బస్సు వచ్చిన రోజు నాకు పండగే, ఒకే అక్షరం కింద అదే అక్షరం వేలాడుతుందని అప్పుడే తెలిసింది. శ్రీకాకుళం బోర్డులో మొదటి అక్షరం చూసి భయపడి లోపలికి పారిపోయాను. మిగిలినవి కొట్లో ఏరుకున్నాను. సబ్బు పెట్టెలు, అగరువత్తుల కట్టలు, వక్కపొడి పొట్లాలు, విజయనగరం నుంచి వచ్చిన ప్రతి సరుకు మీదా రెండు మూడు అక్షరాలు ఉండేవి. బళ్ళో ఒడియా పుస్తకం చివరి పేజీల్లో వాటిని దాచుకునేదాన్ని.

ఎక్కడా దొరకని అక్షరాలకు తాతయ్యే గతి. ఏదైనా పొట్లం పట్టుకెళ్ళి ఇదేటని అడిగితే ఆయన దాన్ని ముక్కు దాకా తెచ్చుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని, చివరికి అరచెయ్యి చాపేవాడు. "నీ ఏలితో ఇక్కడ రాయి, సెప్తాను." నేను వేలితో గీసేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని, చక్కిలిగింతలకి నవ్వుతూ, "ఇది ఝ. ఇది ణ" అని చెప్పేవాడు. అదొక ఆట అనుకున్నాను. ఎన్ని రోజులు ఆడామో!

ఈలోగా కథ రంజుగా సాగుతోంది. సేన్యాకు ఎక్కడో మంచు దారిలో బండ్లు మార్చుకునే మజిలీలో జబ్బు చేసింది. గలీనా వాడి తల ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చుంది. మర్నాటికి జ్వరం దిగింది. నేను ఎగిరి గంతేశాను. అక్కడి నుంచి కథ ఇంకా బాగుంది. సేన్యా లేచి తిరిగాడు, సంతకు వెళ్ళాడు. ఆ సంతలో అల్లం బస్తాలు దిగాయి, చింతపండు గంపలు వచ్చాయి, మేకపిల్ల ఒకటి తాడు తెంపుకుని పకోడీల బండి కింద దూరింది. సేన్యా ఎండకు ఆగలేక రెండు దొన్నెల మండియా అంబలి తాగాడు. మండియా అంటే రాగులు, మా ఇంటి మాటలో చోళ్ళు. రష్యాలో కూడా చోడి అంబలి తాగుతారని తెలిసి నాకు ఎంతో సంతోషమైంది. ఆ సంత అచ్చం తాతయ్యతో వెళ్ళి చూసిన బోరిగుమ్మ సంతలాగే ఉందే అని కూడా అనుకున్నాను. అయినా అనుమానం రాలేదు. పుస్తకం పేజీలు తిరుగుతున్నాయి, బస్సు టిక్కెట్టు రోజూ ముందుకు జరుగుతోంది.

మార్గశిరం చలిలో ఒకరోజు తాతయ్య కథ మధ్యలో ఆపేసి, గోడకి జారబడి కునుకు తీశాడు. సేన్యా నది దాటుతున్నాడు, పడవలోకి నీళ్ళొస్తున్నాయి. నేను ఆగలేకపోయాను. పుస్తకం తీసుకుని టిక్కెట్టు ఉన్న చోట తెరిచాను. కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరమే ఎక్కాను. అది నేను జీవితంలో చదివిన మొదటి తెలుగు వాక్యం. గలీనా ఒక్కతే నల్ల శాలువా కప్పుకుని చర్చి మెట్ల మీద కూర్చుని ఉంది. పడవ లేదు, నది లేదు, సేన్యా లేడు.

తప్పు చదివానేమోనని ఇంకో పేజీ తిప్పాను. ముందుకు వెళ్ళాను. లేడు. వాడి కోసం వెనక్కి వెతుక్కుంటూ వచ్చాను. ఎక్కడా అల్లం బస్తాలు లేవు, మేకపిల్ల లేదు. వెనక్కి, ఇంకా వెనక్కి, చాలా పేజీలు వెనక్కి వస్తే చివరికి ఆ మజిలీ దొరికింది. గలీనా ఒళ్ళో తల పెట్టుకుని సేన్యా పడుకున్నాడు. తెల్లవారింది. జ్వరం దిగలేదు. వాడు చనిపోయాడు.

పదేళ్ళ పిల్లకి అప్పుడు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. సేన్యా పోయినందుకు ఒక కోపం, ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినందుకు ఇంకో కోపం. ఏడుస్తూ పెరట్లోకి పరిగెత్తి, తాతయ్య అబద్ధాలకోరని, కథంతా కల్పించి చెబుతున్నాడని నాయనమ్మ దగ్గర గొంతెత్తాను. ఆవిడ ఉసిరికాయలు తుడుస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"ఊరుకోయే, అరవకు. నాకు తెల్దనుకున్నావేటి? మొన్న పుస్తకం తలకిందులుగా పట్టుకుని గంటసేపు సదివేడు. గుర్రం కాళ్ళు పైకున్నాయి. నాకు సదువు రాదు గానీ గుర్రం ఎటు నిలబడతాదో తెల్దేటి?"

 ఆయన వీపుకి వీపు ఆనించి కూర్చున్నదాన్ని, నేనేం చూస్తాను? నాయనమ్మ కొంగుతో నా మొహం తుడిచి, మెల్లగా చెప్పింది. తాతయ్య రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోతున్నాయి. అక్షరాలు కనబడటం మానేసి నెల దాటింది. ఉత్తరాలొస్తే మాత్రం ఎండలోకి పట్టుకెళ్ళి, ముక్కుకు ఆనించుకుని ఎలాగో గట్టెక్కిస్తున్నాడు. ఆయనకు ఆపరేషనంటే ప్రాణభయం. వాళ్ళ అన్నగారికి ఎవడో నాటువైద్యుడు కంట్లో ఆకుపసరు పోస్తే ఆ కన్ను పోయింది. అది ఆయన కళ్ళారా చూశాడు. కిందటేడు మా నాన్న డాక్టరు మాట ఎత్తితే రెండు రోజులు అన్నం మానేశాడు. ఇప్పుడు చదవలేకపోతున్నాడని తెలిస్తే నాన్న చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళిపోతాడు. అందుకే ఈ దొంగ చదువు.

"ఆలస్యం అమృతం విసం అంటారు. అది ఆయనకీ తెలుసు. అడిగితే ఒప్పుకోడు" అంది. తరవాత ఉసిరికాయ ఒకటి నా చేతిలో పెట్టి, "నీకు అచ్చరాలొచ్చేయి కదా. నువ్వే సదివిపెట్టు. కానీ ఆయన్ని సిన్నబుచ్చకు" అంది.

మర్నాడు బడి నుంచి వచ్చి తాతయ్య ముందు కూర్చున్నాను. నాకు తెలుగు వచ్చేసిందని, ఈరోజు నుంచి నేను చదువుతానని, తప్పులుంటే దిద్దమని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయిన తీరు నాకింకా గుర్తుంది. ఎదురుగా ఉన్న పార్వతీపురం బస్సు బోర్డు చదవమన్నాడు. చదివాను. వక్కపొడి పొట్లం ఇచ్చాడు. చదివాను. ఇంట్లోవాళ్ళందరినీ కేకేసి పిలిచాడు. "మన అమ్మికి తెలుగొచ్చింది! ఉత్తరాలకి బెంగ లేదింక!" అంటూ పొంగిపోయి పుస్తకం నా ఒళ్ళో పెట్టాడు.

నేను టిక్కెట్టు ఉన్న చోట తెరవలేదు. వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. పేజీలు చాలాసేపు తిరుగుతున్న చప్పుడు ఆయన వింటూనే ఉన్నాడు. మజిలీ దగ్గర ఆగి, గలీనా ఒళ్ళో సేన్యా తల ఉన్న చోట మొదటి వాక్యం చదివాను.

ఆయన చెయ్యి మెత్త మీద కదలడం మానేసింది. "ఇక్కడ్నుంచేటి?" అన్నాడు.

"ఇక్కడ్నుంచే తాతయ్యా."

 నేను సేన్యా చావు చదివాను. మధ్యలో నాకు రాని సంయుక్తాక్షరం వస్తే ఆయన అరచెయ్యి తీసుకుని వేలితో గీశాను. ఆ చెయ్యి తడిగా ఉంది. అక్షరం పేరు చెప్పి, ఆ చేత్తోనే నా తల నిమిరాడు. గుమ్మంలో నాయనమ్మ ముక్కు చీదింది. "నిన్నటిదాకా పిల్లడు సంతలో తిరిగేడు. నువ్వు సదవడమేటి, సంపేసేవు. మీ తాత సదివితేనే బాగుండేది!" అంది. తాతయ్య పగలబడి నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. దాంతో ముగ్గురం నవ్వాం. మోసం సంగతి మా మధ్య అంతటితో సరి.

ఆ తరవాత రెండున్నర నెలలు నా జీవితంలో అతి మంచి రోజులు. మొదట్లో రోజుకి రెండు పేజీలు ఎక్కడమే గగనంగా ఉండేది. పోనుపోను ఐదారు పేజీలు అందుకున్నాను. నాకు వర్ణనలంటే చిరాకు. మంచు కురుస్తోందని రెండు పేజీలా! తాతయ్య చదివిన రోజుల్లోనే, పిండిమర కాపలా ముసలాడు తన మోకాళ్ళ నొప్పుల గురించి మూడు పేజీలు సణిగితే వదిలెయ్యమని గోల పెట్టాను. అప్పుడూ ఇప్పుడూ తాతయ్య ఒప్పుకునేవాడు కాదు. "పార్వతీపురం బస్సెక్కి మధ్యలో ఊళ్ళు ఒద్దంటే ఎలాగే? ఆ ఊళ్ళన్నీ దాటితేనే పార్వతీపురం." సరేనని తిట్టుకుంటూ చదివేదాన్ని. అలా తిట్టుకుంటూనే ఎప్పుడు ఇష్టం మొదలైందో తెలీదు. నేను పుట్టి బుద్ధెరిగి మంచు చూడలేదు. కాని ఆ చలికాలం మా బస్టాండులో పొద్దున్నే పొగమంచు పడితే, బండి వాళ్ళ నోట్లోంచి ఆవిరి వస్తే, నాకు అది గలీనా ఊరే. సేన్యా పోయాక ఇంక కథేముందని నేననుకున్నానా, గలీనా ఊళ్ళు పట్టి తిరిగింది, పని చేసింది, ఒకళ్ళ బిడ్డని పెంచింది, కోపం తెచ్చుకుంది, మళ్ళీ నవ్వడం నేర్చుకుంది. ఒక మనిషి మళ్ళీ నవ్వడానికి ఎన్ని పేజీలు పడుతుందో ఆ పుస్తకం అన్ని పేజీలూ తీసుకుంది. నాబోటి తొందరమనిషి పక్కన కూర్చుని అదంతా చూసింది.

మా నాన్న అటూ ఇటూ వెళుతూ, "కొండను తవ్వి ఎలకను పట్టినట్టు, ఎన్నాళ్ళు సదువుతార్రా బాబూ" అనేవాడు. అంటూనే గుమ్మం దగ్గర ఆగి, గలీనాకు ఉద్యోగం దొరికిందో లేదో కనుక్కుని వెళ్ళేవాడు.

శివరాత్రి ముందు ఒక సాయంత్రం. గలీనా ఇరవై ఏళ్ళ తరవాత తన ఊరు చేరింది. పిండిమర పక్కన పాత ఇల్లు. అందులో ఎవరూ ఉండరని అందరూ చెప్పారు. తలుపు మీద చెయ్యి వేసింది. లోపల్నించి గడియారం చప్పుడు వినిపించింది. సేన్యా వెళ్ళిపోయే ముందు బాగుచేసి గోడకి తగిలించిన గడియారం. రోజూ ఎవరైనా కీ ఇస్తే తప్ప నడవని గడియారం.

అక్కడ పేజీ అయిపోయింది. ఇంకా పదకొండు పేజీలున్నాయి. నేను తిప్పబోయి, గుమ్మంలో నాయనమ్మను చూశాను. ఆవిడ చింతపండు వదిలేసి నన్నే చూస్తోంది. శివరాత్రి వెళ్ళాక బిస్సమ్ కటక్‌కి కళ్ళ డాక్టర్లు వస్తారని పొద్దున్న నాన్న ఆవిడతో గుసగుసలాడటం నేను విన్నాను. ఏ దేవత బుద్ధి పుట్టించిందో, పుస్తకం టప్పున మూసేశాను.

"సదువే!" అన్నాడు తాతయ్య.

"మిగతాది నువ్వే సదువుకో తాతయ్యా. ఎవలొద్దన్నారు?"

 కోప్పడ్డాడు, బతిమాలాడు, ఎండు ఖర్జూరాలు ఇస్తానన్నాడు. నేను కదల్లేదు. పైగా నోరు జారి పెద్ద ఒట్టు పెట్టేసుకున్నాను. ఆయన చదివి వినిపించేదాకా ఆ పదకొండు పేజీలు నేనూ చూడనన్నాను. అన్న వెంటనే నాలుక కరుచుకున్నాను. లోపల కీ ఇచ్చింది ఎవరో నాకు మాత్రం తెలుసా!

మూడు రోజులు తాతయ్య మాతో మాట్లాడలేదు. మూడో రోజు పార్వతీపురం బస్సు కండక్టర్ని లోపలికి పిలిచి, టీ ఇప్పించి, పుస్తకం చేతిలో పెట్టాడు. పాపం ఆయన ఎక్కడో మధ్యలో తెరిచి, గలీనా పొలంలో కోతలు కోస్తున్న చోట గడగడా రెండు పేజీలు చదివి, బస్సు వేళైందని విజిల్ ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. నేనూ నాయనమ్మా లోపల నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాం. ఆ తరవాత నాయనమ్మ పుస్తకం పట్టుకెళ్ళి కొత్త ఉసిరికాయ జాడీ మీద పెట్టేసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తాతయ్య కంచంలో చెయ్యి పెట్టి, ఎవరినీ చూడకుండా అడిగాడు. "ఆ బిస్సమ్ కటక్ డాక్టర్లు ఎప్పుడొస్తారన్నారు?" నాన్న చేతిలో గరిట జారిపోయింది.

రైల్లో ఆయన్ని తీసుకెళ్ళారు. తోడు నాన్న, నాయనమ్మ వెళ్ళారు. ఎక్కేముందు తాతయ్య నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను ఆ అరచెయ్యి తెరిచి, వేలితో 'ఝ' అని రాశాను. ఆయన అక్షరం పేరు చెప్పి నవ్వాడు. ముందు ఒక కన్నుకే చేశారు. అప్పట్లో ఇప్పటిలా కాదు, పక్కకి తిరగకుండా రోజుల తరబడి కట్టుతో పడుకోబెట్టేవారు. ఇంటికొచ్చాక కూడా అద్దాలు వచ్చేదాకా నెలన్నర చదవకూడదన్నారు. ఆ నెలన్నరా పుస్తకం జాడీ మీదే ఉంది. నేను రోజుకి పదిసార్లు ఆ వంటింట్లోకి వెళ్ళేదాన్ని. ఒకసారి పుస్తకం ఎత్తాను కూడా. టిక్కెట్టు అంచు కనబడింది. పదకొండంటే పదకొండు పేజీలు! అర్సేనీ తిమొఫెయెవిచ్ సాక్షిగా చెబుతున్నాను, తెరవలేదు. దాన్ని మళ్ళీ జాడీ మీద పెట్టి బయటికి నడిచాను, పరిగెత్తలేదు. నన్ను చూసి నాయనమ్మ, "బేగిబేగికి ఏటైంది?" అంది.

సోడాబుడ్డి అద్దాలు వచ్చిన రోజు తాతయ్య ముందు నా మొహం చూశాడు, తరవాత నాయనమ్మని చూశాడు, తరవాత పుస్తకం తెమ్మన్నాడు. ఆ రోజు నాన్న కొట్టు తలుపులు సగం వేసేశాడు. పదకొండు పేజీలూ తాతయ్యే చదివాడు, ఒక్కో మాటా మెల్లగా, ముద్ద కలుపుకుని తింటున్నట్టు.

గడియారానికి కీ ఇస్తున్నది ఎవరో కాదు, ఆ పిండిమర కాపలా ముసలాడు. మోకాళ్ళ నొప్పులని మూడు పేజీలు సణిగిన ముసలాడు. పదో పేజీలో సేన్యా ఆయనతో వేళాకోళంగా అంటాడు, నేను తిరిగొచ్చేదాకా దీనికి కీ ఇస్తూ ఉండమని. నేను వదిలెయ్యమన్న పేజీలు అవే. గడియారం చూసి టైము చెప్పడం రాని ఆ ముసలాడు ఆ నొప్పి కాళ్ళతోనే ఇరవై ఏళ్ళు రోజూ ఆ ఇంటి మెట్లెక్కి కీ ఇచ్చాడు. సేన్యా రాడని ఎవరూ ఆయనకు చెప్పలేదు. గలీనా కూడా చెప్పలేదు. ఇద్దరూ టీ పెట్టుకుని తాగుతూ కూర్చుంటారు. అంతే, పుస్తకం అయిపోయింది. మా నాన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎలక అన్న మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు ఒళ్ళంతా ఎంత సంతోషంతో నిండిపోయిందంటే, ఏం చెయ్యాలో తెలీక బస్టాండు చుట్టూ రెండు చుట్లు పరిగెత్తి వచ్చాను. పదో పేజీలో నాటిన గింజ ఆరువందల పేజీలు దాటాక పండటం కళ్ళారా చూసిన ఆనందం అది. చిన్న కథల్లో అంత కాలం ఉండదు.

నేను తిరిగి వచ్చేసరికి తాతయ్య పేజీలు వెనక్కి తిప్పుతున్నాడు. మజిలీ దగ్గర ఆగాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, సేన్యా చనిపోయిన పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇంతవరకూ నాకు కనబడిందే అమ్మీ. ఈ పేజీ కూడా కనబడింది" అన్నాడు. "సదవబోయి, యెనక్కి తిరిగి నీ మొకం సూసేను. సేన్యా లేస్తాడని నోట్లో బెల్లం కూడా మింగకుండా సూస్తున్నావు. నా నోరు రాలేదు. జరం దిగిందని సెప్పేసేను. మర్నాటికి అచ్చరాలు పూర్తిగా మసకలైపోయేయి. నాకు కనబడ్డ ఆకరి పేజీ ఇదే."

ఆనాడు అబద్ధాలకోరని అరిచినందుకు సిగ్గుతో ఆయన ఒళ్ళో మొహం దాచుకున్నాను. ఆయన నా వీపు మీద వేలితో ఏదో రాశాడు. నిదానంగా, రెండు అక్షరాలు. ఏం రాశాడో అడగలేదు, సేన్యా అని నాకు అర్థమైంది.

తాతయ్య ఆ అద్దాలతో ఇంకా తొమ్మిదేళ్ళు చదివాడు. బొబ్బిలి ఉత్తరాలు మాత్రం ఆ రోజు నుంచి నేనే చదివాను. నాకు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. కిందటి నెలలో నాకూ కళ్ళ ఆపరేషనైంది, గంటలో ఇంటికి పంపేశారు. ఆ నీలం అట్ట పుస్తకం నా దగ్గరే ఉంది. ఆవకాయ, ఉసిరికాయ రెండు వాసనలూ కలిసి వస్తాయి. ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. తొందర నాకు పూర్తిగా పోలేదు, అరిసె ఇప్పటికీ వేడిగానే తింటాను. కాని లావు పుస్తకం ఏది పట్టుకున్నా ఒక్క పేజీ వదలను. ఈ పుస్తకంలో ఆ మజిలీకి వచ్చినప్పుడు మాత్రం ఒకరోజు మూసి పక్కన పెడతాను. ఆ రోజంతా సేన్యా బోరిగుమ్మ సంతలో ఉంటాడు. ఎండగా ఉంటుంది. రెండో దొన్నె అంబలి తాగుతూ ఉంటాడు.